పాత్రలు నేరుగా అడగలేనిది: కథలో సన్నివేశం, సంభాషణల గురించి

కథలు రాయడం కొత్తగా మొదలుపెట్టినవారు సన్నివేశాన్నీ సంభాషణనూ రెండు వేరు విద్యలుగా భావించి, మొదటిదానికి వర్ణన, రెండోదానికి యాస చాలునని అనుకోవడం తరచు కనిపిస్తుంది. విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు ముగిశాక యువ రచయితలు అడిగే ప్రశ్నలు కూడా ఈ దారిలోనే సాగుతాయి: సముద్రాన్ని ఎంత వర్ణించాలి, ఉత్తరాంధ్ర పలుకుబడిని ఎంతమేరకు అక్షరాల్లో పెట్టాలి, ‘అన్నాడు’ అనే మాట పదేపదే వస్తుంటే ఏమి చేయాలి. ఇవన్నీ అడగదగినవే. అయితే వీటికి ముందే తేల్చుకోవలసినది ఒకటుంది. ఈ క్షణంలో ఈ మనిషికి ఎదుటి మనిషి నుంచి ఏమి కావాలి, దాన్ని నేరుగా అడగనివ్వకుండా అడ్డుపడుతున్నది ఏమిటి? ఈ రెండూ రచయితకు స్పష్టంగా తెలిసిన రోజున సన్నివేశం ఎక్కడ మొదలవాలో, ఎక్కడ ఆగాలో, అందులో ఎవరు ఎంత మాట్లాడాలో చాలావరకు తేలిపోతుంది. తెలియనప్పుడు ఎంత అందమైన వర్ణనైనా, ఎంత నికార్సైన యాసైనా పాఠకుణ్ణి ఆ పేజీలో నిలపలేవు.

ఏది చూపాలి, ఏది చెప్పి దాటాలి

మొదటి చిక్కు ఎంపికది. కథలో జరిగినదంతా సన్నివేశం కానక్కరలేదు. ఈ సంగతి మన అలంకారికులు చాలాకాలం క్రితమే గుర్తించారు. పదో శతాబ్దంలో ధనంజయుడు తన దశరూపకంలో నాటకవస్తువును విడదీస్తూ, నీరసమైనదాన్నీ రంగం మీద చూపడానికి తగనిదాన్నీ సూచ్యమన్నాడు. రసభావాలతో నిండినదాన్ని దృశ్యమన్నాడు. సూచ్యమైన విషయాన్ని ప్రేక్షకుడికి క్లుప్తంగా అందించి ముందుకు సాగడానికి విష్కంభం, ప్రవేశకం వంటి ఐదు ఉపాయాలు చెప్పి, వాటిని అర్థోపక్షేపకాలని పిలిచాడు. ఆధునిక కథకు ఆ ఐదూ యథాతథంగా అవసరం లేకపోవచ్చు గాని, ఆ విభజన వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఈనాటికీ పూర్తిగా పనికివస్తుంది. నాటకకర్తకు ఉన్నట్టే కథకుడికీ రెండు వేగాలున్నాయి: కాలాన్ని నిమిషం నిమిషంగా నడిపించేది ఒకటి, నెలలను రెండు వాక్యాల్లో దాటించేది మరొకటి.

విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంగా కథ రాస్తున్నామనుకుందాం. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మరబోట్ల వేటను నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ బోట్లు జెట్టీల వెంట కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి మరమ్మతు చేయిస్తారు, బోటు మీద పనిచేసే కలాసీలు కొందరు ఊళ్ళకు వెళ్ళిపోతారు, కొందరు వేరే కూలిపనులు వెతుక్కుంటారు. ఇవన్నీ చదవదగిన విషయాలే అయినా, వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను సన్నివేశం కాదు. ఒక పేరాలో చెప్పి దాటవలసిన సూచ్యం ఇది. నిషేధం మొదలయ్యే ముందురోజు సాయంత్రం, యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్న కలాసీ ఒకడు, ఆ బాకీ ఇంకా తీరకుండానే, వచ్చే సీజనుకు గుజరాత్‌లోని వెరావల్‌కు పోదామని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికి యజమాని ముందుకు వచ్చాడనుకోండి. అక్కడ మాత్రం కాలం నెమ్మదించాలి. ఇద్దరికీ కావలసినవి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, ఇద్దరి మధ్యా డబ్బూ బంధుత్వమూ రెండూ ఉన్నాయి, ఏ మాట జారినా మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. దృశ్యానికి తగిన క్షణం అంటే అదే.

ఆ క్షణాన్ని చాలామంది మొదటి చిత్తులో ఇలా రాస్తారు:

“మావా, ఎనిమిదేళ్ళుగా నీ బోటు మీద పనిచేస్తున్నాను. నీ దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాను. ఇప్పుడు ఎక్కువ డబ్బు కోసం వెరావల్ వెళ్ళాలనుకుంటున్నాను. కానీ నీ బాకీ తీర్చకుండా వెళ్ళడానికి నాకు మొహం చెల్లడం లేదు.”

“నీలాంటి నమ్మకస్తుడు నాకు మళ్ళీ దొరకడు. నువ్వు వెళ్ళిపోతే నాకు చాలా కష్టం. అయినా నీ పరిస్థితి నాకు అర్థమైంది.”

ఇందులో అబద్ధం ఏమీ లేదు. వ్యాకరణమూ సరిగానే ఉంది. అయినా చదివినవారికి ఇద్దరు మనుషులు కనిపించరు. కథాసారాంశాన్ని పంచుకుని అప్పజెబుతున్న రెండు గొంతులు వినిపిస్తాయి. పాఠకుడు ఊహించుకోవడానికి రచయిత ఏమీ మిగల్చలేదు. ఇదే ఘట్టాన్ని, ఇద్దరూ తమకు కావలసినదాన్ని పైకి అనలేని స్థితిలో ఉన్నారని గుర్తుంచుకుని రాసి చూద్దాం:

సత్యం ఒడ్డున కూర్చుని తాడు చుడుతున్నాడు. నూకరాజు వచ్చి రెండో కొస అందుకున్నాడు.

“ఈసారి ఇంజను దింపించీస్తావా, మావా?”

“దింపించాలి. నువ్వుంటావు కదా.”

“మా బామ్మర్ది ఫోను చేశాడు. వెరావల్ నుంచి.”

“బాగున్నాడా?”

“ఆడికేటి, బాగానే ఉన్నాడు. ఆగస్టులో వేట మొదలంట అక్కడ. మనోళ్ళు చానామందే ఎల్లారంట.”

సత్యం తాడు చుట్టడం ఆపలేదు. “పెద్దదానికి కాలేజీ ఫీజు ఎప్పుడన్నావు?”

“జూన్‌లో.”

“పద్నాలుగో తారీకు లోపలే వచ్చి పట్టుకెల్లు.”

“పాత లెక్క అలాగే ఉంది కదా, మావా.”

“లెక్క ఎవడడిగాడ్రా నిన్ను?”

నూకరాజు తాడు కొస ఇంకా వదల్లేదు.

వెళ్ళిపోతానని నూకరాజు ఒక్కసారి కూడా అనలేదు, వెళ్ళవద్దని సత్యమూ అనలేదు. అయినా అడగడమూ జరిగింది, కాదనడమూ జరిగింది. బామ్మర్ది ఫోను సంగతి నూకరాజు వేసిన మొదటి అడుగు. దాన్ని కుశలప్రశ్నగా మార్చేసి సత్యం తప్పించుకున్నాడు. నూకరాజు మరో అడుగు వేసి మనవాళ్ళు చాలామంది వెళ్ళారన్నప్పుడు, సత్యం ఆ మాటకు జవాబే ఇవ్వకుండా కూతురి ఫీజు ప్రస్తావన తెచ్చాడు. అది ప్రేమా, ఎత్తుగడా? నా ఉద్దేశంలో రెండూను. అప్పు మీద అప్పు ఇస్తానంటున్న ఆ ఔదార్యమే నూకరాజును మరో ఏడాది ఆ బోటుకు కట్టిపడేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒకరికి తెలుసునని మరొకరికీ తెలుసు. సన్నివేశం మొదట్లో నూకరాజు వెళ్ళాలని వచ్చాడు, చివరికి వెళ్ళడం ముందటికంటే కష్టమైపోయింది. ఏ సన్నివేశానికైనా నేను ముందుగా పెట్టే పరీక్ష ఇదే: ఆరంభంలోనూ అంతంలోనూ ఆ ఇద్దరి మధ్య బలాబలాలు, లేదా ఒకరి గురించి మరొకరికి తెలిసినది, కొంచెమైనా మారిందా? మారకపోతే ఆ భాగాన్ని రెండు వాక్యాల సూచ్యంగా కుదించవచ్చు, కథ దానివల్ల సాధారణంగా బాగుపడుతుంది కూడా.

పైకి అన్నది, లోపల ఉన్నది

అన్న మాటకూ ఉద్దేశించిన అర్థానికీ మధ్య ఉండే ఈ దూరాన్ని కొందరు ఆధునిక కథా శిల్పం కనిపెట్టినదిగా చెబుతారు. కాని ఇది చాలా పాతది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర అలంకారికుడు ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో వ్యంగ్యార్థాన్ని, అంటే పైకి అనకుండా మాట వెనుక నుంచి స్ఫురించే అర్థాన్ని, వివరిస్తూ తీసుకున్న ఉదాహరణ, శాతవాహన రాజు హాలుడి పేరుతో వచ్చిన ప్రాకృత గాథల్లోనిది. ప్రియుణ్ణి కలుసుకునే పొదరింటి వైపు పూలు కోయడానికి ఒక ధార్మికుడు రోజూ వస్తున్నాడు. అతన్ని అక్కడికి రాకుండా చేయాలనుకున్న స్త్రీ, నువ్విక నిర్భయంగా తిరగవచ్చు, నిన్ను భయపెట్టే కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉన్న సింహం ఈరోజే చంపేసింది అంటుంది. వాచ్యార్థం, అంటే పైకి అన్నది, అనుమతి; వ్యంగ్యార్థం నిషేధం. కుక్కకే జడిసే మనిషి సింహం ఉన్న చోటికి ఎందుకు వెళతాడు? ఆమె చెప్పిన ప్రతి మాటా మర్యాదగానే ఉంది, అయినా ఆమె పని నెరవేరింది. మంచి సంభాషణ అంతా చేసేది ఇంతే: మాట సమాచారాన్ని మోస్తున్నట్టు కనిపిస్తూ, ఎదుటివాడిచేత ఏదో ఒకటి చేయించడానికి ప్రయత్నిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. గూఢంగా మాట్లాడటమంటే పాత్రలన్నీ పొడుపుకథలు వేసుకోవడం కాదు. దాచవలసిన కారణం లేని మనిషి సూటిగానే మాట్లాడతాడు. ఆకలేసిన పిల్లవాడు అన్నం పెట్టమనే అంటాడు. దాపరికం పుట్టేది భయం నుంచి, సిగ్గు నుంచి, అభిమానం నుంచి, అప్పు నుంచి. ఆ కారణాన్ని రచయిత ముందుగా అమర్చకపోతే, మాటల్లో ఎంత మౌనం నింపినా అది కృత్రిమంగానే ఉంటుంది. పైగా కథ మొత్తంలో ఒక్కచోటైనా ఆ కట్ట తెగి, దాచిన మాట ఉన్నదున్నట్టుగా బయటికి రావలసి ఉంటుంది. అంతవరకూ దాచిపెట్టినందువల్లనే ఆ సూటి మాటకు బలం వస్తుంది.

పాఠకుడికి గతం తెలియజేయడానికి పాత్రల నోళ్ళను వాడుకోవడం ఇంకో సాధారణమైన లోపం. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను ఈ నగరపు ప్రతి కథలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. కాని ఆ తుఫానును స్వయంగా అనుభవించిన భార్యాభర్తలు ఒకరితో ఒకరు, “2014లో వచ్చిన హుద్‌హుద్ తుఫానులో మన రేకుల ఇల్లు ఎగిరిపోయింది కదా, అప్పుడు మనం మీ అక్కయ్య ఇంట్లో మూడు నెలలు తలదాచుకున్నాం కదా” అని ఎందుకు చెప్పుకుంటారు? ఇద్దరికీ తెలిసిన విషయం మాటల్లోకి వచ్చేది అది ఒక ఆయుధంగానో ఊరటగానో పనికివచ్చినప్పుడే. “మీ అక్క ఇంట్లో మూడు నెలలు తిన్న అన్నం ఇంకా అరగలేదు నాకు” అని ఆమె అంటే, తుఫానూ, వదినగారి ఇంట్లో పడిన అవమానమూ, భర్త మీద మిగిలిపోయిన కోపమూ అన్నీ ఒకే వాక్యంలో పాఠకుడికి అందుతాయి. తుఫాను పేరూ తేదీ అవసరమైతే కథకుడే తన గొంతుతో చెప్పవచ్చు. అది కథకుడి హక్కు, ఆ పని పాత్రకు అప్పగించనవసరం లేదు.

తెలుగు సంభాషణకు ఉన్న సొంత వనరులు

సంభాషణ గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇతర భాషల కథల నుంచి వచ్చినవి కావడంతో, తెలుగు వ్యాకరణమే కథకుడికి ఇచ్చే సదుపాయాలు మరుగున పడిపోతున్నాయి. అన్నిటికంటే విలువైనది సంబోధన. ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ అనే మెట్లు, ‘అండి’, ‘రా’, ‘వే’ అనే ముగింపులు, వరుస పిలుపులు కలిసి ప్రతి వాక్యంలోనూ ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెబుతూనే ఉంటాయి. కాబట్టి ఆ మెట్టు మారినప్పుడల్లా ఒక సంఘటన జరిగినట్టే. సీతమ్మధారలోని ఒక ఫ్లాటులో ఇరవై ఏళ్ళుగా అల్లుణ్ణి ‘మీరు’ అంటున్న అత్తగారు, ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “ఏం బాబూ, అమ్మాయిని ఎప్పుడు పంపుతావు?” అని అడిగితే, ఆమె గొంతు ఎంత మెత్తగా ఉన్నా ఆ ఇంట్లో ఏదో తెగిందని పాఠకుడికి తెలిసిపోతుంది. ఆమె కోపంగా అన్నదని రచయిత రాయనక్కరలేదు. పై ఉదాహరణలో సత్యం చివరి మాటలో వచ్చిన ‘రా’ కూడా అటువంటిదే; దగ్గరితనాన్నీ పెత్తనాన్నీ ఒకేసారి చూపుతుంది.

క్రియ చివరనే పురుషప్రత్యయం ఉండటం మరొక సౌకర్యం. ‘వస్తాను’, ‘వస్తావు’, ‘వస్తాడు’ అన్నప్పుడు ఎవరి గురించో చెప్పేందుకు సర్వనామం అక్కరలేదు. అందుకే ఇద్దరి మధ్య చిన్న వాక్యాల సంభాషణను పేర్లు లేకుండానే చాలాదూరం నడపవచ్చు. అలాగే ‘అట’ అనేది చెప్పేవాడు తన మాటకు తాను బాధ్యత తీసుకోవడం లేదని తెలియజేస్తుంది. నూకరాజు వెరావల్ గురించి చెప్పిన రెండు విషయాలనూ ‘అంట’తోనే ముగించాడు, ఎందుకంటే అవి ఎవరో అన్న మాటలుగా ఉంటేనే అతనికి క్షేమం.

ఇబ్బంది కలిగించేది కూడా ఒకటుంది. తెలుగులో ‘అని అన్నాడు’ సహజంగా మాట చివర వస్తుంది. ఉటంకింపు పొడుగ్గా ఉంటే, మాట్లాడినది ఎవరో నాలుగు వరుసల తర్వాత గాని తెలియదు. దీనికి మేలైన దారి మాటకు ముందు ఒక చిన్న చేష్టను ఉంచడం. తాడు చుట్టడం ఆపలేదని చెప్పిన వాక్యం పక్కన వచ్చిన మాట సత్యానిదేనని వేరుగా చెప్పే పనిలేదు. ‘అన్నాడు’ మళ్ళీ మళ్ళీ వస్తుందని బెదిరి ‘గర్జించాడు’, ‘వాపోయాడు’, ‘వ్యంగ్యంగా పలికాడు’ అని మార్చుకుంటూ పోవడం కంటే, ‘అన్నాడు’ను అలాగే ఉంచడం మంచిది. పాఠకుడి కన్ను దాన్ని దాటుకుని పోతుంది. ‘గర్జించాడు’ దగ్గర ఆగిపోతుంది.

మాట ఎవరి చెవిన పడుతోందన్నది కూడా రచయిత చేతిలోని సాధనమే. సంస్కృత నాటకంలో అందరూ వినేది ప్రకాశం, ఎవరూ విననిది స్వగతం, కొందరికే వినిపించేవి జనాంతికం, అపవారితం అని వర్గీకరించారు. మన ఇళ్ళలో దీనికి మరో రూపం ఉంది. భర్తతో మాటలు మానేసిన ఇల్లాలు, ఆయన ఎదురుగానే కూర్చుని ఉండగా, “మీ నాన్నగారికి అన్నం వడ్డించానని చెప్పు” అని కొడుకుతో అంటుంది. మాట ఒకరికి, వినవలసినది మరొకరు. మూడో మనిషి గదిలో ఉన్నాడంటే మాటల రూపం తప్పక మారుతుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వార్డులో మంచం మీద రోగి కళ్ళు మూసుకుని ఉండగా ఆపరేషన్ ఖర్చు గురించి ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకుంటున్న సన్నివేశం, అదే మాటలు బయట మెట్ల మీద మాట్లాడుకున్న సన్నివేశం ఒకటి కావు. సంభాషణ చప్పగా సాగుతోందనిపించినప్పుడు, వినకూడని ఒకరిని అక్కడ కూర్చోబెట్టి తిరిగి రాసి చూడమని నేను తరచు సలహా ఇస్తుంటాను.

యాస, చోటు

యాస విషయంలో ఉత్తరాంధ్ర రచయితకు గొప్ప వారసత్వం ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, పూర్తిగా పెంచి తిరగరాసిన రూపంలో 1909లో వెలువడింది. అందులోని పాత్రలు తమ కులానికి, చదువుకు, వృత్తికి, అవసరానికి తగిన వేర్వేరు తెలుగులు మాట్లాడతాయి; గిరీశం ఎప్పుడు ఇంగ్లీషు ముక్కలు దొర్లిస్తాడో గమనిస్తే, ఎదుటివారిని లొంగదీయవలసినప్పుడే అని తెలుస్తుంది. అంటే అక్కడ యాస అలంకారంగా రాలేదు, పాత్ర చేసే పనిలో భాగంగా వచ్చింది. నేటి కథల్లో ప్రతి ‘చ’నూ ‘స’గా, ప్రతి ‘వె’నూ ‘ఎ’గా మార్చి రాసే అలవాటు వల్ల పాఠకుడు మనిషిని వినడం మాని అక్షరాలను విప్పుకోవడంలో పడిపోతాడు. పైన నేను రాసిన భాగంలో ‘ఏటి’, ‘ఎల్లారు’, ‘దింపించీస్తావా’ వంటి కొన్ని రూపాలనే తీసుకున్నాను. మిగిలిన లయను పాఠకుడి చెవి తానే పూరించుకుంటుంది. ఇంకొక జాగ్రత్త అవసరం: యాసను కలాసీకీ పనిమనిషికీ మాత్రమే ఇచ్చి, ఆఫీసరుకూ డాక్టరుకూ పుస్తకాల తెలుగు ఇవ్వడం అన్యాయం. విశాఖలో డాక్టరు కూడా ఇంట్లో ‘ఏటమ్మా’ అనే అంటాడు. ఆ డాక్టరు ఆస్పత్రిలో ఒక భాష, తల్లి దగ్గర మరో భాష మాట్లాడతాడన్నది ఎంతో విలువైన కథాసామగ్రి, దాన్ని వదులుకోకూడదు.

చోటు గురించి కొద్దిగా చెబితే చాలు. ఆర్కే బీచి, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం పేర్లు రాసినంత మాత్రాన కథ విశాఖలో జరగదు. ఆ చోటు పాత్రల మీద ఒత్తిడి తేవాలి. వన్‌టౌన్ మేడ మీద ఆరేసిన బట్టల మీద పోర్టు నుంచి వచ్చే నల్లటి దుమ్ము పడుతుంది. పెళ్ళిచూపులకు కట్టుకోవలసిన తెల్ల చీరను ఒక తల్లి దులుపుతూ, కూతురికి ఎన్నో సంబంధమో లెక్కపెట్టకుండా మాట్లాడటానికి ప్రయత్నిస్తోందనుకోండి. అక్కడ దుమ్ము వర్ణనగా కాక ఆమె చేతికి పనిగా ఉంది, మాట రాని చోట ఆమె చీరను మరోసారి దులుపుతుంది. వర్ణన కోసం కథను ఆపనవసరం లేకుండానే వీధి, గాలి, ఆ కుటుంబపు ఆర్థిక స్థితి కనిపించాయి.

చివరగా సన్నివేశపు రెండు అంచుల సంగతి. 1910లో వెలువడిన గురజాడవారి దిద్దుబాటు, అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన భర్త తలుపు తీయమని వేసే కేకతో మొదలవుతుంది. అతడు ఎక్కడి నుంచి వచ్చాడో, భార్య ఎందుకు తలుపు తీయలేదో తర్వాత తెలుస్తుంది. చిత్తులో సాధారణంగా ఉండే నమస్కారాలు, కాఫీలు, ఎప్పుడొచ్చారనే పలకరింపులు రచయిత తన పాత్రలకు అలవాటుపడటానికి రాసుకున్నవే గనుక, రెండో చిత్తులో వాటిని కొట్టివేసి, ఇద్దరిలో ఒకరు మొదటి అడుగు వేసే చోట నుంచి మొదలుపెట్టవచ్చు. చివరి అంచు ఇంకా కష్టం. నూకరాజు ఇంటికి వెళుతూ తన బతుకు గురించి ఏమనుకున్నాడో ఒక పేరా రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ పేరాలో వచ్చే ప్రతి భావమూ సత్యం ఆఖరి ప్రశ్నలో అప్పటికే ఉంది. అందుకే దాన్ని రాసి చూసి, చదివి, కొట్టివేసి, ఆగస్టులో నూకరాజు ఏ బోటు ఎక్కాడో చెప్పే తర్వాతి సన్నివేశానికి వెళ్ళడమే సరైనది.